నల్లపాడు లూప్‌లైను

బ్రాడీపేట నాలుగో లైన్లో, డాబా మీద రేకుల గది.
తలుపు తీయగానే తుమ్ము వస్తుంది.
మిర్చి యార్డులో కాటా గుమాస్తాని, నాకు రాదు.
నా వెనక వచ్చినవాళ్ళకి వస్తుంది.

దైవసహాయం గారు ముప్పైరెండేళ్ళు ట్రైన్స్ క్లర్కు.
అంటే, ఆగిన ప్రతి గూడ్సు పక్కనా
చేతిలో లాంతరు, చంకలో పుస్తకం,
ఇంజను దగ్గర్నుంచి బ్రేకువ్యాను దాకా
వ్యాగన్ల నంబర్లు రాసుకుంటూ పోయే మనిషి.
రైలెక్కింది తక్కువ. రైలు పక్కన నడిచింది ఎక్కువ.

ఇప్పుడా లైను గది నాలుగు గోడల చుట్టూ వేశాడు.
గుంటూరు నుంచి పిడుగురాళ్ళకి ముప్పై ఆరు అడుగులు,
సత్తెనపల్లి కిటికీ దగ్గర మలుపు.
ప్యాసింజరు బండి లేదు. అడిగితే,
"మనుషులు ఎట్టాగో పోతారయ్యా,
సరుక్కి కాళ్ళేవీ?" అంటాడు.

పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నం నిజం సున్నమే,
కరుణమ్మ గారి ఆకువక్క డబ్బాలోది.
జిన్నింగు మిల్లు ముందు దూది
ఆయన చెవుల్లో పెట్టుకోగా మిగిలింది.
మిర్చి బస్తాలు నేను కుట్టాను:
పాత బనీను గుడ్డ, లోపల గింజలు,
ఒక్కోటి చిటికెనవేలి గోరంత.
కాటా వెయ్యందే ఎక్కించనన్నాను.
మర్నాడు కంసాలి కాటా ఒకటి కొనుక్కొచ్చాడు.

ఆదివారం నాలుగింటికి డ్యూటీ.
మోటార్లు చుట్టే ఖుద్దూస్ డ్రైవరు.
పక్కింటి ఇంటర్ పిల్ల జలజ పాయింట్లు మారుస్తుంది.
గూడ్స్ షెడ్డు నాది.
ఆయన కంట్రోలు,
మూడడుగుల దూరంలో కూర్చుని కూడా ఫోన్లోనే మాట్లాడతాడు.
ప్రతి వ్యాగనుకీ ఒక చీటీ, పాత శుభలేఖల అట్ట కోసి చేసింది.
ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, ఏం మోస్తుంది.
తిరగేస్తే ఒక్కటే మాట: ఖాళీ.
"నింపటం ఎవడైనా నింపుతాడు.
ఖాళీని వేళకి వెనక్కి పంపు, అదీ రైల్వే."

ఓసారి చిలిపికి బొమ్మ లారీ తెచ్చి
యార్డు గేటు ముందు పెట్టాను.
నేను తూచే బస్తాల్లో
రైలు మొహం చూసేవి ఎన్నని?
ఆయన చూశాడు. ఫోను పెట్టేశాడు.
మరుసటి వారం లారీకీ చీటీ ఉంది:
యార్డు నుంచి షెడ్డు వరకే. ఆపైన పోరాదు.

ఒక్క వ్యాగనుకి మాత్రం చీటీ లేదు.
నల్లపాడు లూప్‌లైన్లో, ఇటుకరంగు మూతబండి.
నంబరు చివర ఒకటో ఏడో తెలీదు,
కావాలనే అట్లా రాశాడు.
షంటింగుకి ఎప్పుడూ అదే అడ్డం.
ప్రతి బండీ దానికోసం
రెండుసార్లు ముందుకీ వెనక్కీ.
"తీసేద్దాం సార్" అంది జలజ.

అప్పుడు చెప్పాడు. ఫోన్లోనే, మేం ఎదురుగా ఉండగా.
తుపాను రాత్రి. లాంతరు గ్లాసు మీద నీళ్ళు.
ఒకటిని ఏడని రాశాను.
సున్నం లోడు. దానికోసం వాళ్ళు
మాచర్ల దాకా వెతుకుతున్నారు,
అది ఇక్కడే, పదకొండు రోజులు, కారే కప్పు కింద.
తడిస్తే సున్నం ఏం చేస్తుందో తెలుసుగా.
తలుపు తీసిన హమాలీ పేరు అంకయ్య.
చెయ్యి.
చెయ్యి, అని ఆగిపోయాడు.

లైన్లో కాసేపు గరగర.
ఖుద్దూస్ ఇంజను కదల్చలేదు.
నేను కాటాలో ఉన్న బస్తానే మళ్ళీ తూచాను.
ఆ తర్వాత కంట్రోలు గొంతు, ఎప్పటిలాగే:
"నల్లపాడు, మీ దగ్గర ఖాళీలెన్ని?"

జలజ వంగింది. ఒక్కోదాన్నీ వేలితో తాకుతూ
బ్రేకువ్యాను వైపు నడిచింది.
చివరిదాని దగ్గర
సెల్లు లైటు వేసి, కళ్ళు చిట్లించి,
"ఆరు సార్. ఇంకోటుంది,
నంబరు సరిగ్గా ఆనటం లేదు.
మళ్ళీ చూసి చెప్తాను,
లైన్లోనే ఉండండి."