నిమ్మకాయల దండ

రేపు డిశ్చార్జి అన్నారు, రాయపురం మిషనాస్పత్రిలో.
సంచి విప్పాను: గూడూరు నిమ్మకాయలు, ఇరవై ఏడు.
సిస్టర్ యూలాలియా గోడమీది బోర్డు చూపించింది.
కానుకలు తీసుకోరట. తెలుగులో కూడా రాసుంది.

"మరి ఆ అమ్మకో?" అన్నాను,
వరండా మలుపులో నీలం ముసుగు మేరీమాతను చూసి.
సిస్టర్ ఏమీ అనలేదు.
బోర్డూ ఏమీ అనలేదు.

రాత్రి మా ఆయన మంచం పక్కన కూర్చుని దండ గుచ్చాను.

తెల్లారి చూస్తే అమ్మ మెడ బోసి.
నా చేతిదని తీసేశారా?

వంటగది మేకుకి ఉత్త దారం వేలాడుతోంది.
పదహారు మంచాలకీ
స్టీలు గ్లాసుల్లో ఉప్పేసిన నిమ్మనీళ్లు.
నాకూ ఒకటి తెచ్చి
"అమ్మ పంపింది" అంది సిస్టర్, నా మొహం చూడకుండా.

ఒక గింజ నాలుక్కింద చిక్కుకుంది.
సెంట్రల్ స్టేషన్ దాకా ఉమ్మలేదు.