సోయికూర వేలిముద్ర

ట్రోమ్సోలో నవంబరు చివర సూర్యుడు సెలవు పెడతాడు.
జనవరి మూడోవారం దాకా రాడు.
ఇంత చీకటి ఊరంతా ఊరికే దొరుకుతుంటే
గుప్పెడు చీకటి తయారుచెయ్యడానికి
మాకు పదకొండు వారాలు పట్టింది.

పెట్టె అల్యూమినియం. లోపల నల్లపూత.
ఒక పక్క నీలి దీపం.
దానికి లంబకోణంలో కన్ను.
మధ్యలో, గాజుగొట్టంలో,
టూర్లైఫ్ పడవ మీంచి తెచ్చిన సముద్రం
మూడు చెంచాలు.

నాచుకణం నీలం మింగి ఎరుపు కక్కుతుంది.
తీసుకున్నదంతా తిరిగివ్వదు.
కాస్త వేడి కింద ఖర్చు రాసుకుని
మిగిలింది ఎర్రగా ఇస్తుంది.
ఇచ్చేదైనా మన చేతికే ఇస్తుందా?
అక్షింతల్లా అన్ని దిక్కులా చల్లేస్తుంది.
మా కటకం ఓ పక్కన నిలబడి
కొంగు పట్టి నాలుగు గింజలు ఏరుకుంటుంది.
నూటికి మూడు.
తక్కినవి గోడలపాలు.

అందులోనూ దీపం వెలుగు కోట్ల రెట్లు ఎక్కువ.
ఏనుగుల ఊరేగింపులో
చీమ కాలి గజ్జెలు లెక్కపెట్టాలి.

యోరున్‌ది ఒకటే మాట:
"దీపం పెంచకు, కణం కమిలిపోతుంది.
పారేస్తున్నది పట్టుకో."

వెనకాల వెండి పూసిన గుంట అద్దం పెట్టాను,
వీపు తిప్పి పోయే కాంతిని
భుజం పట్టి ఇటు తిప్పడానికి.
కటకానికి పొట్ట పెంచి
గొట్టానికి ముక్కు తగిలేంత దగ్గరికి జరిపాను.
దాటిపోయే నీలానికి చివర
కొమ్ములాంటి నల్లటి గొట్టం:
లోపలికి వెళ్లడమే, తిరిగొచ్చే దారి లేదు.

డిసెంబరు పద్నాలుగు. పగలు మూడు గంటలు, బయట నడిరాత్రి.
అంకె ఒక్కసారిగా తొమ్మిది వందలకి లేచింది.
అరిచాను.
టూర్లైఫ్‌కి ఫోను కూడా చేసేశాను.
యోరున్ మాత్రం గొట్టం ఖాళీచేసి
వట్టి నీళ్లు పోసి పెట్టమంది.
తొమ్మిది వందలే.

గాజు మీద నా బొటనవేలు.
మధ్యాహ్నం సాల్మన్ ముక్క మీద చల్లుకున్న
సోయికూర పసరు.
సముద్రమంతా గాలించి
నా ఎంగిలిని కనుక్కున్నాను.

యోరున్ నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది.
"పరికరం బాగానే పనిచేస్తోంది" అంది,
తువ్వాలు అందిస్తూ.

అప్పట్నించీ దేన్నీ నమ్మలేదు.
జిగురుని, వడపోత గాజుని, చివరికి నలుపుని కూడా.
నల్లగా కనిపించేదల్లా నలుపు కాదు.
మా పూత, కంటికి ఆనని ఎరుపులో
దొంగతనంగా మెరుస్తోంది.
గీకేసి కొవ్వొత్తి మసి పట్టించాను.

జనవరి తొమ్మిది.
మూత వేసిన ఖాళీ పెట్టె: సెకనుకి పంతొమ్మిది.
వట్టి నీళ్లు: ఇరవై ఒకటి.
టూర్లైఫ్ సముద్రం: నలభై నాలుగు.
గొట్టం కడిగి, చేతులు కడిగి, మళ్లీ: నలభై మూడు.
మళ్లీ: నలభై ఐదు.
ఎవరూ అరవలేదు.

టూర్లైఫ్ టోపీని చేతుల్లో నలుపుతూ
"అయితే నా ఆల్చిప్పలకి మేత ఉందన్నమాట" అన్నాడు.
కాసేపాగి,
"ఆరు వారాలుగా ఎండ లేదు గదా,
ఏం తిని బతికింది ఇది?"
ఆ ప్రశ్నకి మా పెట్టెలో మీట లేదు.
తీసివేతలు పోగా
ఉంది, ఉంది అని మాత్రం చెబుతుంది,
సెకనుకి ఇరవై మూడు సార్లు.

సూర్యుడొచ్చిన రోజు
వీధంతా జామ్ కూరిన గుండ్రటి రొట్టెల వాసన.
అందరూ మెట్ల మీద నిలబడి
దక్షిణపు కొండల కేసి చూస్తూ
నన్ను కేకేస్తున్నారు.
నేను ముందు కంటికి కరెంటు ఆపాను.
మూత బిగించాను.
పైన నల్లగుడ్డ, రెండు మడతలు.
గింజ గింజా లెక్కపెట్టడం నేర్చినదాని మీద
పంటంతా ఒక్కసారి పడితే
గుడ్డిదైపోతుంది.

ఆ తర్వాతే బయటికి వెళ్లాను,
కళ్లు చికిలించుకుని,
వేళ్లు వాసన చూసుకుంటూ.