చిటికి కట్టిన జాగ

జ్వరం పోయి ఏడు నెలలు.
నల్లగొండ డాక్టరమ్మ రిపోర్టులు రెండుసార్లు తిరగేసింది.
"రక్తంల ఏం లేదు ఆండాలమ్మా,
రాత్రి నిద్ర పడుతుందా?" అన్నది.

ఆ ఒక్క మాటకే మా ఆయన ముఖం మారింది.
బస్సుల నారాయణపురం దాక మాట్లాడలే.
దిగేటప్పుడు అడిగిండు,
అంటే ఉత్తదేనా అని.

ఉత్తదయితే ఈ వేళ్లు
పొద్దుగాల చాయ్ గిలాసను ఎందుకు పట్టనియ్యవు?

నిజం చెప్పాల్నంటే
మంచం దిగకముందే నొప్పిని పిలుస్త: ఉన్నవా?
పిలువంగనే ఉన్ననంటది.
దోమ గుయ్యిమన్నా గుండె ఝల్లుమంటది.
ఆ నెల సొసైటీ బాకీ కట్టలే,
మగ్గం మీద సగం చీర దుమ్ము పట్టింది,
అదంత ఏ రిపోర్టుల రాస్తరు?

పుట్టపాకల పుట్టినదాన్ని, నాకెరుకే.
పోగుకు రబ్బరు పట్టి బిగిచ్చి రంగుల ముంచుతం.
పట్టి ఇప్పినంక సుత
కట్టిన జాగ రంగు తాగదు,
తెల్లగనే ఉంటది.
ముడి లేదు.
ముడి ఉండె.

ఇయ్యాల పిలువకుండనే ఆసు ముందు కూసున్న.
పదకొండు చిటికిలు కట్టిన.
పన్నెండోది బిగియ్యంగ యాదికొచ్చింది,
ఉన్నవా అన్న.

జర ఆగి పలికింది.