తొమ్మిదీ పదికి ఆఖరి బస్సు

కాన్సస్‌లో మాంసం ఫ్యాక్టరీ షిఫ్టు దిగి
నేరుగా నా ఆల్జీబ్రా క్లాసుకొస్తుంది హోదాన్.
కత్తి పట్టిన వేళ్ళు
పెన్సిల్ చుట్టూ ఇంకా విచ్చుకోవు.

వెనక బెంచీలో డెల్బర్ట్, యాభై ఎనిమిదేళ్ళు,
భిన్నాలంటే హడలు.
కళ్ళజోడు మర్చిపోయానని
వారం వారం అదే అబద్ధం.

యెసేనియా బల్ల కింద
నాలుగేళ్ళ పిల్ల
నా హాజరు పట్టీ మీద ఏనుగుని గీస్తోంది.
గీయనీ.

క్లాసు తొమ్మిదిన్నర దాకా.
బస్సు తొమ్మిదీ పదికే.
ఎక్స్ విలువ తేలకుండానే
సగం గది లేచిపోతుంది.

మానేసినవాళ్ళ ఫారంలో
కారణం దగ్గర 'బస్సు' అని రాశాను.
వివరంగా రాయమని
తిప్పి పంపారు.

ఇవాళ హోదాన్ సంచీ సర్దుకుంటుంటే
"కూర్చోమ్మా, నేను దింపుతా" అన్నాడు డెల్బర్ట్.
జేబులోంచి పికప్ తాళాలు తీశాడు.
వాటితోపాటు
కళ్ళజోడూ బయటపడింది.