ముత్యాలు నోట్లో చెయ్యి

మొదట చూసింది నేను కాదు, జైబూన్.
చంద్రగిరి కోట వెనక మా రేకుల కొట్టం ఊడుస్తా
చీపురు చివర్న ఒక గడ్డి ఉండ చూపించింది.
నమిలీ నమలని గడ్డి, తడిగా, పిడికిలంత.
"పిల్లి కక్కిందేమో" అన్నాను.
"పిల్లి ఇంత గడ్డి మేస్తాదా" అనింది.
మర్నాడు మూడు. ఆ మర్నాడు ఏడు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు.
దాణా తప్పలేదు. లోపలికి పోవడమే తప్పింది.
ముత్యాలు తల ఒక పక్కకి వాల్చి
గడ్డిని నోట్లో అటూ ఇటూ దొర్లించి
విస్తరి ముందు అలిగిన వియ్యంకుడి మాదిరి
వదిలేస్తా ఉంది.
పేడలో ఉలవలు ఉలవలుగానే వచ్చినాయి,
కడిగి మళ్ళీ ఎసట్లో పోసుకోవచ్చు అన్నట్టు.
పక్కటెముకలు లెక్కకొచ్చినాయి.
మూతి దగ్గరికి పోతే మురిగిన కుడితి వాసన.

ఇవన్నీ చూశాను. చూసి,
పొగరనుకున్నాను.

తిరుచానూరు రోడ్డులో మాఘమాసం పెళ్ళి.
బ్యాండు ఎత్తుకోగానే కళ్ళెం లాగాను,
ముత్యాలు తల ఆకాశానికి విసిరింది.
పెళ్ళికొడుకు తలపాగా జనరేటర్ బండి మీద పడింది.
సగం డబ్బులిచ్చి పొమ్మన్నారు.
ఇల్లు చేరేదాకా ఆ కళ్ళేన్ని
ఎన్నిసార్లు గుంజానో
ఇక్కడ చెప్పను.

ఎముకకైతే పుత్తూరు కట్టు ఉంది.
పంటికి యాడికి పోవాల?
తిరుపతి పశువుల కాలేజీకి నడిపించుకుని పోయాను,
కళ్ళెం లేకుండా, మెడతాడుతో, ఎండలో.

డాక్టరమ్మ సుహాసిని గుర్రం భుజానికి కూడా అందదు.
సూది వేసి, తల వాలేదాకా ఆగి,
నోటికి ఇనప చట్రం బిగించి, నెత్తిన లైటు పెట్టుకుని
"మౌలాలీ, నువ్వే చెయ్యి పెట్టి చూడు" అనింది.
పెట్టాను.
పై దవడ, బయటి అంచు:
ప్రహరీగోడ మీద గుచ్చిన గాజుపెంకులు.
చెంప లోపల, వాటికి సరిగ్గా ఎదురుగా, పుండు.
ఇంకో పుండు పెదవి మూల, కళ్ళెం ఆనే చోట.
మొదటిది పన్ను చేసింది.
రెండోది ఎవరు చేశారని ఆమె అడగలేదు.

"గుర్రం పన్ను ముసలితనం దాకా బయటికి వస్తానే ఉంటాది.
రోజంతా కొండగడ్డి నూరితే సమంగా అరుగుతాది.
నువ్వు బస్తా దాణా పెడతావు, అంచులు మిగిలిపోతాయి"
అంటానే మూరెడు ఆకురాయి లోపలికి తోసింది.
కొబ్బరి కోరుతున్నట్టు శబ్దం.
కాలిన కొమ్ము వాసన. ఆమె మోచేతిదాకా తెల్లటి పొడి.
నా దవడ నేనే గట్టిగా పట్టుకున్నాను.

పదిరోజులు తవుడు నానబెట్టి, ఉలవలు మెత్తగా ఉడికించి పెట్టు.
పుండు మానేదాకా కళ్ళెం వద్దు.
ఏడాదికోసారి తీసుకురా, బాగున్నా సరే.
"బాగుంటే ఎందుకమ్మా?"
"బాగుందని నువ్వెట్లా చెప్తావు?"

పన్నెండో రోజు పొద్దున
కొట్టం వెనక గొంతుకూచుని
పేడ వేళ్ళతో చిదుపుతా ఉంటే
ఎదురింటి గురవయ్య ముక్కు మూసుకుని నిలబడ్డాడు.
"ఏం పోగొట్టుకున్నావు మౌలాలీ?"
ఒక్క ఉలవా లేదు. పొట్టు, అంతే.
జైబూన్ చీపురుకీ ఏమీ తగల్లేదు.

కళ్ళెం మేకుకి వేలాడతా ఉంది.
పుండు మానింది, తగిలించొచ్చు.
ఎవరూ లేనప్పుడు దాని కడ్డీ
నా నోట్లో పెట్టుకుని చూశాను.
తుప్పు. ఉప్పు.
ఈ వారం పెళ్ళిళ్ళు లేవు.