తరుగు

వన్ టౌన్‌లో మూలికల కొట్టు.
పందొమ్మిదేళ్లుగా అక్కడ వేర్లు తూస్తున్నాను.
ఎండినవే తెలుసు నాకు.
గోనెసంచి మూతి విప్పగానే
వాసనే పేరు చెప్పేస్తుంది.
చిత్రమూలం, పిల్లిపీచర, నేలతాడి,
అట్టముక్కల మీద స్కెచ్‌పెన్నుతో నేనే రాస్తాను.
రాసేటప్పుడు ఒక్కసారీ ఆకు గుర్తు రాదు.
చూడందే ఎలా వస్తుంది?

ఈ ఏడు సుగంధిపాల సగానికి సగం పడిపోయింది.
షర్బత్ వాళ్లు ఫోను మీద ఫోను.
"అంకమ్మ వేరే కొట్టుకి వేస్తోందేమో,
వెంట వెళ్లి చూసిరా" అన్నాడు షావుకారు.

ఫాల్గుణం. మొదటి బస్సు.
ఇబ్రహీంపట్నం రింగులో నేను దిగేసరికి
ఆమె నిలబడి ఉంది.
చేతిలో గునపం, నడుముకి యూరియా సంచి,
కాళ్లకి మగవాళ్ల రబ్బరు బూట్లు.
"ఆ చెప్పుల్తో కొండెక్కుతావా గుమస్తా?"
నవ్వలేదు. అడిగింది, అంతే.

కొండపల్లి కొండకి వెనక వైపు
మోదుగపూల మీద కూడా క్వారీ దుమ్ము.
దిగువన థర్మల్ పొగగొట్టాలు,
వాటికవతల ఇసుకలో
ఎవరో గీసి వదిలేసినట్టు కృష్ణ.
గంట నడిచాం. ఏ మొక్కా నన్ను పలకరించలేదు.
నా కొట్టు మొత్తం ఇక్కడే ఉందట,
కాళ్ల కింద, ముళ్లలో,
అట్టముక్కల్లేకుండా.

ఒక పొద దగ్గర చతికిలబడిందామె.
దారప్పోగంత తీగ. సన్నని ఆకు,
నడిమధ్యన సుద్దతో గీసినట్టు తెల్లటి చార.
"ఇదే" అంది.
ఇన్నేళ్లూ శవాన్నే తూచి
ఇవాళ మనిషిని చూశాను.

గునపం తీగకి జానెడు దూరంలో దించింది.
రాళ్ల సందున వేరు ఎటు తిరిగితే
ఆమె వేళ్లూ అటే తిరిగాయి.
వాసన లేచింది,
కొట్లో వాసనకి పెద్దక్కలాంటిది,
తడిగా, కాస్త కోపంగా.
సగం కోసుకుంది. మిగతా సగాన్ని
గుంటలోనే పడుకోబెట్టి, మన్ను కప్పి,
మడమతో నొక్కింది.
"లావుపాటిదే వదిలేశావే?"
"కొండకి తరుగు" అంది.

తరుగు.
ఆ మాట నాది.
తేమ కింద నూటికి పది,
మట్టి కింద ఒకప్పుడు ఇంకో రెండు.
ప్రతి మంగళవారం ఆమె ముందు
కాలిక్యులేటర్ నొక్కుతూ నేను అనే మాట.
ఏనాడూ ఎదురు చెప్పలేదామె.
మాటని మాత్రం ఇంత ఎత్తుకి మోసుకొచ్చి
దానికి వేరే పని చూపించింది.

ఇంకా పైకెక్కితే అన్నీ గుంటలే.
పలుగులతో పెళ్లగించి పారేసిన నేల,
తలకిందులుగా ఎండిన తీగలు.
"కంట్రాక్టు కుర్రాళ్లు. పుష్యంలో వచ్చారు.
వాళ్లకి తరుగు తెలీదు."
ఆ సంచులు ఎవరు కొన్నారో నేను అడగలేదు.
లారీ దించుకుంది నేనే.

దిగేటప్పుడు ముల్లు చెప్పుని దాటింది.
అంకమ్మ ఏదో ఆకు నలిపి పసరు పిండింది.
చిన్నప్పుడు పలక తుడిచే ఆకు, గడ్డిచామంతి.
"ఇది మీ కొట్లో అమ్మరుగా?"
"లేదు."
"మంచిది. అయితే మిగుల్తది."

సాయంత్రం కొట్లో కాటా మీద
నాలుగు కేజీల రెండొందలు.
తరుగు గడి దగ్గర పెన్ను ఆగింది.
కొండ ముందే తీసేసుకుందని
రాయడానికి ఆ గడి చాలదు.
షావుకారు ఊదొత్తి వెలిగిస్తూ ఇటే చూస్తున్నాడు.
నాలుగొందల ఇరవై గ్రాములు. రాశాను.

అంకమ్మ డబ్బులు లెక్కపెట్టుకోలేదు.
ఖాళీ సంచి తిరగేసి దులిపింది.
గచ్చు మీద చిటికెడు కొండ.

పొద్దున్నే కొట్టు ఊడ్చేదీ నేనే.