వినబడని పిట్టల పట్టీ

శెట్టిపల్లె క్యారేజీ షాపులో ముప్పయ్యొక్కేళ్ళు
చక్రాన్ని సుత్తితో తట్టి
మోతను బట్టి పగులు చెప్పేవాణ్ణి.
మంచి చక్రం సాగదీసి పలుకుతుంది.
పగిలింది తడిపిడకలా చప్పగా పలుకుతుంది.
కంటికి ఆనని వెంట్రుకంత చీలిక
నా చెవికి దొరికిపోయేది.

ఆ చెవులు పెట్టుకునే
ఆదివారాలు కల్యాణి డ్యాము వెనక కొండకు పోయేవాణ్ణి,
డబ్బాలో చిత్రాన్నం,
మెడలో పాత దుర్భిణి,
సంచిలో స్టోర్సు వాళ్ళు పారేసిన రికార్డు పుస్తకం.
‘విడిభాగం’ అన్న గడిలో పిట్ట పేరు,
‘సంఖ్య’ గడిలో సంఖ్య,
‘స్థితి’ గడిలో:
ఎగిరింది. వాలింది. కనబడలేదు, పలికింది.

రెండేళ్ళ కిందట
ఒక్కొక్కటే పలకడం మానేశాయి.
మొదట తేనెపిట్ట.
తర్వాత బదనిక పండ్లు మింగే
బొటనవేలంత పిట్ట.
అడవి బక్కచిక్కిందనుకున్నాను.
ఎర్రచందనం దొంగల్ని తిట్టాను,
ఎండల్ని తిట్టాను, టవర్లని తిట్టాను.
పుస్తకంలో ఎర్రసిరాతో ‘తగ్గుదల’ అని రాసి
కింద సంతకం కూడా పెట్టాను.

వాచరు అంకయ్య కూతురు,
బళ్ళో పావని, ఇంట్లో పోలి,
నా భుజం మీదుగా చదివి నవ్వింది.
“యాడ తగ్గినాయి తాతా?
నీ నెత్తిమీదనే మూడు అరస్తా ఉండాయే!”

తలెత్తాను.
ముక్కులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి,
కదిలిపోయే ఏసీ బోగీ అద్దం వెనక
ఎవరికో ఏదో చెబుతున్న మనిషి నోటిలా.

రుయాలో చెవుల డాక్టరమ్మ
కాగితం మీద గీత చూపించింది.
ఎడమవైపు నుంచి బాగానే నడిచొచ్చి
కుడివైపు లోయలోకి జారిపోయింది గీత.
“సన్న శబ్దాలు పోయాయి పెద్దాయనా.
ఎక్కడ పని చేశారు?”
చెప్పాను.
ఇంకేమీ అడగలేదు.

అప్పట్నుంచి పోలికి ఆదివారానికి
ఇరవై రూపాయలు, ఒక దిల్‌పసంద్ ముక్క.
చూడ్డం నా పని, వినడం దానిది.
దాని పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.
“బీడీ గీసే పిట్ట” అంటుంది,
“అత్తను దెప్పే పిట్ట”,
“సైకిలుకు ఆయిలడిగే పిట్ట”.
నేను దుర్భిణి తిప్పి
ముక్కు పొడవు చూసి, తోక కింద రంగు చూసి
అచ్చుపేరు వెతుకుతాను.
దొరక్కపోతే దానిదే రాసేస్తాను.

మొన్న, డ్యాము పైన గుండురాళ్ళ దగ్గర
నా చొక్కా పట్టి ఆపింది.
“కొత్తది. చిల్లర కింద పడినట్టుండాది.”
బండ చీలికలో మొలిచిన పొద.
బూడిదరంగు వీపు. ఆ గొంతు!
పసుపు పూసుకుని తుడుచుకోవడం మరిచినట్టు.
పసుపుగొంతు పిగిలిపిట్ట.
రాతికొండలు తప్ప ఇంకోచోట కాపురానికి ఒప్పుకోదు.
పదకొండేళ్ళు తిరిగాను దీనికోసం.

నోరు తెరిచింది పిట్ట.
బాగా వినడానికి పోలి కళ్ళు మూసుకుంది.
నేను రెప్ప కొట్టలేదు.
“ఎట్లుంది? చెప్పు” అన్నాను.
“మాట్లాడితే పోతాది, ఉండు తాతా.”

దిగేప్పుడు పొద్దు నడినెత్తికొచ్చింది.
మోకాళ్ళు గొణుగుతున్నాయి.
జువ్విచెట్టు చివరి ఎండుకొమ్మ నుంచి
టుక్… టుక్… టుక్…
రాగిరేకు మీద సుత్తి.
ఆగిపోయాను.
కంసాలిపిట్ట!
వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. నూటపన్నెండు దెబ్బలు,
ఎక్కడా పగులు లేదు.

“దీనికి దుడ్లు ఒద్దులే తాతా,
ఇది నువ్వే ఇన్నావు” అంది పోలి,
దిల్‌పసంద్ మాత్రం తీసుకుంది.

పుస్తకం తీసి పేరు రాశాను.
సంఖ్య: ఒకటి.
స్థితి గడి దగ్గర కాసేపు ఆలోచించి
‘డ్యూటీలో ఉంది’ అని రాశాను.